రేవతి పెళ్ళికి 27 మహాయుగాల ఆలస్యం!

‘మాయాబజార్’ నుంచి ‘ఇంటర్‌స్టెల్లార్’ దాకా కృష్ణబిలం కథా కమామిషూ

‘మాయాబజార్’లో శశిరేఖ తల్లి రేవతి గుర్తుంది కదూ? ఛాయాదేవి వేసిన పాత్ర. పాండవుల రాజ్యం పోయిందని తెలియగానే అభిమన్యుడికి ఇస్తానన్న పిల్లని దుర్యోధనుడి కొడుక్కి కట్టబెట్టడానికి సిద్ధపడిన గడుసు ఇల్లాలు. పక్కన బలరాముడుగా గుమ్మడి. కూతురి పెళ్ళి కోసం ఆవిడ పడ్డ ఆరాటమంతా మనం తెరమీద చూశాం. కానీ ఆవిడ సొంత పెళ్ళికథ మాత్రం కె.వి. రెడ్డిగారు చూపించలేదు. చూపించి వుంటే, హాలీవుడ్‌కంటే 57 ఏళ్ళు ముందే, 1957లోనే, మనం ఓ ‘ఇంటర్‌స్టెల్లార్’ తీసినవాళ్ళం అయ్యుండేవాళ్ళం!

అదెలాగంటారా? వినండి మరి.

రేవతి తండ్రి కకుద్మి మహారాజు. కూతురికి తగిన వరుడెవడో తేల్చుకోలేక, పిల్లని వెంటబెట్టుకుని ఏకంగా బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గంధర్వుల పాట కచేరీ జరుగుతోంది. పెద్దలు వింటుంటే మధ్యలో మాట్లాడటం మర్యాద కాదని కాస్సేపు ఆగాడు. పాట అయిపోయాక తను అనుకున్న పెళ్ళికొడుకుల జాబితా విప్పాడు. బ్రహ్మదేవుడు నవ్వి, “నాయనా, నువ్విక్కడ పాట వింటున్న సేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి. వాళ్ళూ లేరు, వాళ్ళ మనవలూ లేరు. వెళ్ళి బలరాముడికిచ్చి చెయ్యి” అన్నాట్ట. ఈ కథ భాగవతం నవమ స్కంధంలో వుంది. మహాయుగానికి 43 లక్షల 20 వేల సంవత్సరాల లెక్కన, ఒక్క కచేరీకి 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్ళు! పాతయుగపు పిల్ల కావడంతో మరీ పొడుగ్గా వుందని బలరాముడు తన నాగలి కొనతో ఆవిడ ఎత్తు తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది.

ఆ నాగలితోనే బలరాముడు నేలను చీల్చి నాగావళిని పారించాడనీ, ఒడ్డున అయిదు శివాలయాలు నెలకొల్పాడనీ, శ్రీకాకుళంలోని ఉమారుద్రకోటేశ్వరస్వామి గుడి వాటిలో ఒకటనీ మన స్థలపురాణం. ఆ లెక్కన రేవతమ్మ మన సిక్కోలుకి చుట్టమే!

ఇప్పుడు ‘ఇంటర్‌స్టెల్లార్’కి వద్దాం. క్రిస్టఫర్ నోలన్ తీసిన ఈ చిత్రం 2014 నవంబరులో విడుదలైంది. 2025 ఫిబ్రవరిలో మనదేశంలో మళ్ళీ వేస్తే, మొదటిసారి వచ్చినప్పుడు బడిపిల్లలుగా వున్నవాళ్ళు కూడా టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. అందులో హీరో మాథ్యూ మెకానహీ ‘గార్గాంచువా’ అనే బ్రహ్మాండమైన కృష్ణబిలం పక్కన వున్న నీళ్ళగ్రహం మీద దిగుతాడు. అక్కడ ఒక గంట ఇక్కడ ఏడేళ్ళు. కొండంత కెరటం నుంచి తప్పించుకుని తిరిగి ఓడలోకి వచ్చేసరికి 23 ఏళ్ళు గడిచిపోయి వుంటాయి. బుల్లితెర మీద పిల్లల సందేశాలు చూస్తూ ఆయన ఏడుస్తుంటే హాల్లో ఏడవనివాడెవడు? చివరికి కూతురు ముసలిదై మంచమెక్కుతుంది, తండ్రి మాత్రం కుర్రాడిలాగే నిలబడి వుంటాడు.

రెండు కథల్లోనూ తండ్రీకూతుళ్ళే. కాకపోతే మన కకుద్మి తెలివైనవాడు. పిల్లని కూడా వెంట తీసుకెళ్ళాడు కాబట్టి ఏడుపుసీను తప్పిపోయింది!

హాలు బయటికి రాగానే మన కుర్రాళ్ళు వేసే ప్రశ్న ఒకటే. “ఇదంతా నిజమేనేటి బావూ? లేపోతే మన చెవిలో పువ్వెట్టేడా?” జవాబు కాస్త చిత్రంగా వుంటుంది. పువ్వు పెట్టాడనుకున్న చోట నిజం వుంది. నిజమనుకుని మనం నమ్మేసిన చోట పువ్వుంది!

అసలు ఇదేమిటి?

బ్లాక్ హోల్‌ని తెలుగులో కృష్ణబిలం అంటున్నాం. మన కృష్ణుడికీ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడ కృష్ణ అంటే నలుపు. ఇక బిలం అన్నమాటే గానీ, ఇది బొరియా కాదు, గొయ్యీ కాదు. కూరి కూరి ఒక్కచోట కుక్కిన బరువు.

భూమి నుంచి తప్పించుకుపోవాలంటే రాకెట్టు సెకనుకు 11 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెళ్ళాలి. సూర్యుడి మీంచయితే 600 కిలోమీటర్లు దాటాలి. అదే బరువుని ఇంకా ఇంకా చిన్నచోట కుక్కుతూపోతే ఈ వేగం పెరిగి పెరిగి చివరికి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు దాటుతుంది. అది వెలుగు వేగం. వెలుగే బయటపడలేకపోతే ఇంకేది పడుతుంది? అదే కృష్ణబిలం.

ఎంత కుక్కాలో చూడండి. మన భూమి మొత్తాన్ని, కొండలూ సముద్రాలతో సహా, పిల్లలాడుకునే గోళీకాయంత చెయ్యాలి. 14 లక్షల కిలోమీటర్ల అడ్డుకొలత వున్న సూర్యుణ్ణి 6 కిలోమీటర్లకు తేవాలి. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి మధ్యలో పెట్టుకుని మూడు కిలోమీటర్ల దూరాన చుట్టూ గిరి గీస్తే శ్రీకాకుళం టౌను చాలాభాగం అందులో పడుతుంది. అంతే సైజు! మొదటిసారి ఈ లెక్కకు దారి చూపినవాడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేస్తూ ఐన్‌స్టీన్ సమీకరణాలకు జవాబు కట్టాడు. అది 1916లో అచ్చయింది. అదే ఏడాది జబ్బుచేసి చనిపోయాడు.

కంగారు పడకండి. మన సూర్యుడు ఎన్నటికీ కృష్ణబిలం కాలేడు. అంత బరువు లేదు. సూర్యుడికి సుమారు 20 రెట్లు, అంతకుమించి బరువున్న తారలే ఇంధనం అయిపోయాక తమలోకి తామే కూలి ఇలా మారతాయి. ఎంత పెద్ద ‘స్టార్’ అయినా లోపల సరుకు అయిపోతే కూలక తప్పదన్నమాట. ఇది సినిమావాళ్ళని ఉద్దేశించి అన్నది కాదు!

విలన్ వేషం ఎవరు కట్టారు?

డిస్నీవారు 1979లో ‘ది బ్లాక్ హోల్’ తీశారు. అందులో అది ఓడల్ని లాగేసే సుడిగుండం, చివర్లో స్వర్గనరకాలకు ద్వారం. 1997లో వచ్చిన ‘ఈవెంట్ హొరైజన్’లో కృత్రిమంగా కృష్ణబిలం సృష్టించిన ఓడ నరకం చూసి తిరిగొస్తుంది. 2009 నాటి ‘స్టార్ ట్రెక్’లో ఒక్క ఎర్రటి చుక్కతో గ్రహాన్నే మింగించేస్తారు. ఇలా చూసీ చూసీ మనకి కృష్ణబిలం అంటే బకాసురుడు అని ముద్రపడిపోయింది. కనిపించినదాన్నల్లా రమ్మని లాగి మింగుతుందని.

నిజం వేరు. ఏదో మంత్రంతో సూర్యుణ్ణి తీసేసి అదే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టారనుకోండి. ఎనిమిది నిమిషాల 20 సెకన్ల తరవాత మనకి చీకటి పడుతుంది, చలికి గడ్డకట్టుకుపోతాం. కానీ భూమి మాత్రం ఎప్పటిలాగే అదే దారిలో, అదే 365 రోజులకి ఓ చుట్టు తిరుగుతూనే వుంటుంది. లాగటంలో సూర్యుడికీ దానికీ దూరంలో వున్నవాళ్ళకి తేడా లేదు. తేడా అంతా దగ్గరికెళ్ళినవాడికే.

వరదల్లో నాగావళిని తలుచుకోండి. ఒడ్డుదగ్గర ఈతగాడు ఎదురీది గట్టెక్కుతాడు. నడుమకు పోయేకొద్దీ నీటివడి పెరుగుతుంది. ఒకచోట నీటివడి, ఈతవడి సమానమవుతాయి. అది దాటితే ఎంత మొనగాడైనా వెనక్కి రాలేడు. కృష్ణబిలం చుట్టూ అలాంటి గీత ఒకటుంది. ఇంగ్లీషులో ‘ఈవెంట్ హొరైజన్’ అంటారు. పై సినిమాకి ఆ పేరు అందుకే పెట్టారు. అది దాటనంతవరకూ కథ మన చేతిలోనే వుంటుంది.

మహేంద్రగిరి మీద వయసు త్వరగా మళ్ళుతుంది!

కృష్ణబిలం అసలు ప్రతాపం మింగడంలో లేదు, కాలాన్ని నెమ్మది చెయ్యడంలో వుంది. బరువైన వస్తువుకి దగ్గరయ్యేకొద్దీ కాలం మందగిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. దీనికోసం అంతరిక్షానికి వెళ్ళక్కరలేదు, మన చుట్టుపక్కలే చాలు.

కవలపిల్లలు ఇద్దరున్నారనుకోండి. సినిమా కవలలే! ఒకడు కళింగపట్నం బీచిలో, ఇంకొకడు 1500 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి మీద పెరిగారు. కొండ మీదవాడు భూమి నడిబొడ్డుకి కాస్త దూరం కాబట్టి వాడి గడియారం కాస్త త్వరగా నడుస్తుంది. లెక్క కడితే ఏడాదికి సెకనులో 10 లక్షల వంతులు చేసి అందులో అయిదు వంతులు. నూరేళ్ళు బతికినా ఒక్క సెకనులో రెండువేలో వంతు తేడా. అన్నదమ్ముల ఆస్తి తగాదాకి పనికిరాదుగానీ, తేడా వుందన్నది మాత్రం నిజం. విజయనగరం గంటస్తంభం అడుగున ఒక మంచి గడియారం, పైన ఒక మంచి గడియారం పెట్టినా ఈ తేడా దొరుకుతుంది. ‘మంచి’ అంటే మన చేతికుండేది కాదు, అణుగడియారం. 2010లో అమెరికాలో ఒక అడుగు ఎత్తు తేడాకే కాలం మారడాన్ని కొలిచి చూపించారు. 2022 నాటికి ఒక మిల్లీమీటరుకే పట్టేశారు!

ఇదంతా మనకెందుకంటారా? మీ జేబులో ఫోనుంది కదా. దారి చూపించే ఉపగ్రహాల గడియారాలు పైన వుండటంవల్ల, వేగంవల్ల తగ్గేది పోను, మన గడియారాలకంటే రోజుకి సెకనులో 10 లక్షల వంతులకు 38 వంతులు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ లెక్కతో దాన్ని సరిదిద్దకపోతే ఒక్క రోజులో దారి పది కిలోమీటర్లు తప్పుతుంది. విజయనగరంలో సినిమాకి బయల్దేరినవాణ్ణి నెల్లిమర్లలో దించుతుంది!

భూమి దగ్గర ఇంత పిసరు వుండే తేడా కృష్ణబిలం గీత దగ్గర ఆకాశాన్నంటుతుంది. లెక్కప్రకారం దానికి హద్దు లేదు. నోలన్ గ్రహం మీద గంటకి ఏడేళ్ళంటే కాలం సుమారు 61 వేల రెట్లు నెమ్మదించినట్టు. బ్రహ్మలోకంలో కచేరీ ఒక గంట జరిగిందనుకుంటే కకుద్మిగారి లెక్క లక్ష కోట్ల రెట్లకు పైనే! మనవాళ్ళు ఏదన్నా తక్కువలో చెబుతారా?

అలాగని “చూశారా, మన పురాణాల్లో కృష్ణబిలం ముందే వుంది” అని జబ్బలు చరచనక్కరలేదు. లోకానికో కాలం వుండొచ్చని ఊహించడం కవి గొప్పతనం. ఎంత ఎత్తుకి ఎంత తేడా అని కొలిచి, కొలత తప్పయితే ఒప్పుకునేది శాస్త్రం. ఊహకి దండం పెడదాం, కొలతకి మార్కులు వేద్దాం. రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

నోలన్‌కి మార్కులెన్ని?

‘ఇంటర్‌స్టెల్లార్’కి శాస్త్ర సలహాదారు కిప్ థార్న్. ఊరికే పేరు వేసుకున్న మనిషి కాదు, 2017లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. కృష్ణబిలం దగ్గర వెలుగు ఎలా వంగుతుందో ఆయన సమీకరణాలు రాసిస్తే గ్రాఫిక్స్ వాళ్ళు వాటినే కంప్యూటర్లకిచ్చి బొమ్మ కట్టించారు. కొన్ని ఫ్రేములకి ఒక్కోదానికి వంద గంటల దాకా పట్టిందట. సెకనుకు 24 ఫ్రేములు, ఇక నిర్మాత గుండె ఎంత వేగంగా కొట్టుకుని వుంటుందో మీరే ఊహించుకోండి.

నల్లటి గుండు, చుట్టూ పైనా కిందా వెలుగు వలయం. ఇది నిజం. వెనకున్న వెలుగు వంగి మనకు పైనుంచీ కింద నుంచీ కనబడుతుంది. ఫుల్ మార్కులు. గంటకి ఏడేళ్ళు కూడా లెక్కకి నిలుస్తుంది. కాకపోతే దానికి గార్గాంచువా తిరగగలిగినంత వేగంతో, అంటే ప్రకృతి ఒప్పుకునే హద్దుకి వెంట్రుకవాసి దూరంలో తిరగాలి. పాస్ మార్కులు. తిరిగే వలయంలో మనవైపు వచ్చే పక్క ఎక్కువ వెలుగుతో, పోయే పక్క తక్కువ వెలుగుతో కనబడాలి. జనానికి అర్థం కాదేమోనని నోలన్ రెండు పక్కలా సమానంగా వుంచేశాడు. ఇక్కడ మార్కులు కోత. ఇక హీరో లోపలికి దూకి పుస్తకాల బీరువా వెనక తేలడం? అది మన ఘటోత్కచుడి మాయే. లోపలినుంచి ఏ కబురూ బయటికి రాదు కాబట్టి కాదనడానికీ ఎవడూ లేడు!

ఇంతకీ ఇది వుందని ఎలా తెలుసు?

హంస రాశిలో సిగ్నస్ ఎక్స్-1 అని ఒకటుంది. అది కృష్ణబిలమా కాదా అని 1974లో స్టీఫెన్ హాకింగ్, ఇదే కిప్ థార్న్ పందెం కాశారు. కాదన్న హాకింగ్ 1990లో ఓటమి ఒప్పుకుని సంతకం పెట్టాడు. పందెంసొమ్ము ఏమిటంటే ఒక ఏడాదిపాటు ఒక ‘పెద్దలకు మాత్రమే’ పత్రిక చందా! శాస్త్రజ్ఞులూ మనలాంటివాళ్ళే.

2015 సెప్టెంబరు 14న మరో ముచ్చట. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఎప్పుడో జరిగిన రెండు కృష్ణబిలాల పెళ్ళిసందడి అమెరికాలోని లైగో పరికరాలకి వినబడింది. పెళ్ళికొడుకు 36 సూర్యుల బరువు, పెళ్ళికూతురు 29. కలిసాక 65 వుండాలి కదా? 62 తేలింది. పెళ్ళిఖర్చు మూడు సూర్యులు! అదంతా అలలుగా విశ్వమంతా పాకింది. అలాంటి పరికరాన్ని మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇక ఫొటో. 2019 ఏప్రిల్ 10న ఎం87 అనే గెలాక్సీ నడుమవున్న కృష్ణబిలం బొమ్మ విడుదలయింది. బరువు 650 కోట్ల సూర్యులు. 2022 మే 12న మన పాలపుంత నడుమ వున్నదాని బొమ్మ వచ్చింది. అది 40 లక్షల సూర్యుల బరువు, 27 వేల కాంతి సంవత్సరాల దూరం. నోలన్ వదిలేసిన ఆ ఒకపక్క వెలుగు ఎం87 ఫొటోలో స్పష్టంగా కనబడుతుంది. నారింజ రంగు మాత్రం తరవాత అద్దిందే. ‘మాయాబజార్’కి 2010లో అద్దలేదూ, అలాగే.

భయం ఖరీదు

సరదాగా చెప్పుకుంటున్నాంగానీ, ఈ సంగతులు తెలియకపోతే ఏం జరుగుతుందో ఒకసారి చూశాం. 2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో అణువుల కంటే చిన్న కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం మొదలుపెట్టారు. దానివల్ల కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలో టీవీ చానళ్ళు రోజుల తరబడి హోరెత్తించాయి. సినిమా గ్రాఫిక్స్ వేసి మరీ చూపించాయి. ఆ ప్రసారాలు చూసి బెంబేలెత్తిన మధ్యప్రదేశ్ బాలిక ఒకతె పురుగులమందు తాగి ప్రాణం తీసుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. పదహారేళ్ళ పిల్ల.

ఆ పిల్లకి ఎవరైనా రెండు ముక్కలు చెప్పివుంటే! ఆ యంత్రంలో జరిగే గుద్దులకంటే గట్టివి, అంతరిక్షం నుంచి వచ్చే కణాలు మన గాలిపొరలో కోట్ల ఏళ్ళుగా గుద్దుకుంటూనే వున్నాయి, భూమి చెక్కుచెదరలేదు. ఒకవేళ అంత చిట్టి కృష్ణబిలం పుట్టినా క్షణంలో ఆవిరైపోతుందని 1974 నాటి హాకింగ్ లెక్క. అసలు మనకి తెలిసిన దగ్గరి కృష్ణబిలమే సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరాన వుంది. అదే యంత్రం 2012లో హిగ్స్ కణాన్ని పట్టిచ్చింది, భూమిని మింగలేదు. విలన్ వేషం తెరమీద చూసి ఈల వెయ్యొచ్చు. ఇంటికొచ్చాక కూడా భయపడుతూ కూచోకూడదు.

మనకేం తక్కువ?

ఆకాశం చూడటం మన వైపు కొత్తేం కాదు. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారనే జమీందారు సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించుకున్నారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కణ్ణుంచే గమనించారు. ఇప్పుడయితే మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరులో ‘ఆస్ట్రోశాట్’, 2024 జనవరి 1న ‘ఎక్స్‌పోశాట్’ పైకి వెళ్ళాయి. కృష్ణబిలాల చుట్టూ కాగిపోయే వాయువుల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను పట్టి చదవడం వాటి పనుల్లో ఒకటి.

ఇక మన సినిమాకి కాలంలో ప్రయాణం బాగా అచ్చొచ్చింది. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’లో బాలకృష్ణ కృష్ణదేవరాయల కొలువుకీ, రాబోయే శతాబ్దాలకీ వెళ్ళొచ్చాడు. 2018లో సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం’తో వరుణ్ తేజ్‌ని వ్యోమగామిని చేశాడు. కృష్ణబిలం అంచుకి వెళ్ళడం ఒక్కటే మిగిలింది. కథ కోసం అప్పు తెచ్చుకోవక్కరలేదు, భాగవతంలో సిద్ధంగా వుంది. తండ్రీకూతుళ్ళ అనుబంధం వుంది, పెళ్ళి వుంది, పాట కచేరీ కూడా వుంది!

దర్శకులకు ఒకటే మనవి. ఆ కచేరీ సీనులో పాట మాత్రం కాస్త చిన్నదిగా పెట్టండి బాబూ. మేం హాలు బయటికొచ్చేసరికి సైకిలుస్టాండు కుర్రాడు తాతయ్యుంటే కష్టం!